యాభై రూపాయల భూతదయ

జేబులో చెయ్యి పెట్టి చూడండి. 50 రూపాయల నోటు తగిలిందా? అయితే మీరు ఓ ఎద్దును ఒళ్లంతా వాతలు తేలేదాకా బాదగల స్థోమత ఉన్నవాళ్లే. 10 నోటే ఉందా? దిగులెందుకు? జడ్జిగారు దయగలవారైతే అదీ సరిపోతుంది.

వెటకారం కాదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960. సెక్షన్ 11. మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 10 రూపాయలకు తగ్గకూడదు, 50 దాటకూడదు. తగ్గకూడదట! ఎంత కచ్చితమో చూశారా? మూడేళ్లలోపు మళ్లీ దొరికిపోతే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ ‘లేదా’ నీడన ఎందరు హాయిగా కునుకు తీస్తున్నారో!

ప్లాట్‌ఫాం టికెట్టు 10 రూపాయలు. అత్తగారిని రైలెక్కించి చెయ్యి ఊపడానికీ, గాడిద వీపు చిట్లగొట్టడానికీ కనీస ధర ఒకటే. తేడా ఒక్కటుంది. రైల్వే వాళ్లు 2015లో 5ను 10 చేశారు. పండగ రద్దీకి ఇంకా పెంచుతారు. పార్లమెంటుకు మాత్రం 65 ఏళ్లు గడిచినా గాడిద వీపు గుర్తుకు రాలేదు.

పాపం, ధరలు పెరిగిన సంగతి సభకు తెలియదేమో అనుకునేరు. ఈ చట్టం వచ్చిన రోజుల్లో ఎంపీగారి జీతం నెలకు 400. ఇప్పుడు 1,24,000. అంటే 310 రెట్లు. తప్పని నేననను. పైగా 2018లో ఓ ముచ్చటైన ఏర్పాటు కూడా చేసుకున్నారు. ధరల సూచీని బట్టి అయిదేళ్లకోసారి ఆ జీతం దానంతటదే పెరుగుతుంది. అడగక్కర్లేదు, ధర్నా చేయక్కర్లేదు. అదే లెక్కన ఆ 50 కూడా పెరిగి ఉంటే ఇవాళ 15,500 అయ్యేది. ఒకడి చేతిలోని కర్ర ఒక్క క్షణమైనా ఆగేది. కానీ ద్రవ్యోల్బణం ఎంపీలకే తగులుతుంది గానీ గొడ్లకు తగలదు కాబోలు.

అలాగని చట్టాన్ని చులకన చేయకండి. రాసినవాళ్లు మనసు పెట్టే రాశారు. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబడితే, నెహ్రూ ప్రభుత్వం ‘మేమే తెస్తాం’ అని మాటిచ్చి తెచ్చిన చట్టం ఇది. 1962లో జంతు సంక్షేమ బోర్డు పెట్టి ఆమెనే మొదటి అధ్యక్షురాలిని చేశారు. సెక్షన్ 11 చదవండి, కళ్లు చెమరుస్తాయి. కొట్టకూడదు, తన్నకూడదు. మోయలేని బరువు వేయకూడదు. పుండ్లున్న గొడ్డును పనిలో పెట్టకూడదు. కదల్లేనంత ఇరుకు బోనులో కుక్కకూడదు. పొట్టి గొలుసుతో అదే పనిగా కట్టేయకూడదు. యజమాని తిండీ నీళ్లూ నీడా ఇవ్వకపోతే నేరం. వదిలేసి పోతే నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను కాస్త బయట తిప్పకపోతే, అయ్యా, అదీ నేరమే! ఇంత ప్రేమగా చాంతాడంత జాబితా రాసి, చివర్లో బిల్లు వేశారు. 50 రూపాయలు.

అప్పట్లో 50 అంటే డబ్బే. చిన్న ఉద్యోగి నెల జీతంలో పెద్ద ముక్కే. తప్పు 1960ది కాదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంవత్సరానిదీ.

ఒక్క పార్లమెంటునే అని లాభం లేదు లెండి. మన నోరు చూడండి. ఎవర్నయినా చావగొడితే ‘గొడ్డును బాదినట్టు బాదాడు’ అంటాం. ఒళ్లు హూనమయ్యే పనిని ‘గొడ్డు చాకిరీ’ అంటాం. దిక్కులేని చావు వస్తే ‘కుక్క చావు’ అంటాం. అంటే గొడ్డును ఎలా బాదుతారో, కుక్క ఎలా చస్తుందో ఈ జాతికి కొలతలతో సహా తెలుసన్నమాట. నిఘంటువుకెక్కింది, ఎఫ్ఐఆర్‌కే ఎక్కలేదు. ఇక భూతదయ. సకల ప్రాణుల మీద దయ అని పెద్దలు అర్థం చెప్పారు. 1976లో రాజ్యాంగంలో పౌరుల విధుల్లో కూడా చేర్చారు, 51-ఎ(జి) కింద. ఇప్పటి వాడుక వేరు. భూతకాలంలో ఉండిన దయ అని చెప్పుకోవాలి.

నమ్మరా? సంక్రాంతికి గోదావరి జిల్లాలకు బయల్దేరండి.

డిసెంబరు నుంచే నాటకానికి తెర లేస్తుంది. ఎస్సైగారు మైకు పట్టుకుంటారు. ‘కోడిపందేలు నిర్వహిస్తే కఠిన చర్యలు తప్పవు.’ కత్తులు కట్టేవాళ్లను పిలిచి బైండోవర్ చేస్తారు. పట్టుకున్న కత్తులను బల్ల మీద వరసగా పేర్చి ఫొటో. ఓ బరిని ట్రాక్టరుతో దున్నించి ఇంకో ఫొటో. ఈ పందేలు ఆపి తీరాలని ఉమ్మడి హైకోర్టు 2016లోనే చెప్పింది. ఆ కాగితం ఏటా జిల్లా దాటి, మండలం దాటి, ఊరి పొలిమేర దాకా వస్తుంది. భోగి తెల్లవారుజామున మంటలో పడుతుంది. పాత సామాన్లు వేసే రోజే కదా!

మధ్యాహ్నానికి బరి సిద్ధం. ఫ్లడ్‌లైట్లు. పెద్ద పెద్ద తెరలు. వీఐపీ గ్యాలరీ. బిర్యానీ పాయింటు. కార్లకు వేరే పొలం. పైన ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించిన నాయకుడు. మొన్న కఠిన చర్యలన్న శాఖ ఇవాళ ట్రాఫిక్కు చూసుకుంటోంది. ప్రభుత్వం మారితే ఫ్లెక్సీలో బొమ్మ మారుతుంది. బరి మారిందా? పందెం ఆగిందా? ఒక్క సంక్రాంతి చెప్పండి.

అడిగితే సంప్రదాయం అంటారు. కుక్కుట శాస్త్రం తీస్తారు. ఏ రోజు డేగ పుంజు గెలుస్తుంది, కాకి పుంజును ఏ దిక్కున దింపాలి, నెమలి ముందు పింగళ నిలుస్తుందా అని పంచాంగం విప్పుతారు. ఏడాది పొడుగునా ఆ పుంజుకు బాదంపప్పు, జీడిపప్పు, మటన్ కైమా, ఈత, వేన్నీళ్ల స్నానం. మన ఇళ్లలో పదో తరగతి పరీక్షలు రాసే పిల్లాడికి జరగని మర్యాద. ఇంతా చేసి, కాలికి కత్తి కట్టి, ఇంకో పుంజు పేగుల మీదికి విసురుతారు. నిమిషాల్లో అయిపోతుంది. ఓడిన కోడికి కూడా గిరాకీ ఉంది, కూరకు. ధర వేలల్లో పలుకుతుంది. పల్నాడు ఒక కోడిపందెంతో తగలబడిందని తరతరాలుగా కథ చెప్పుకునే జాతి మనది. అందులోంచి ఏం నేర్చుకున్నాం? పందెం నేర్చుకున్నాం.

ఇక్కడో చిన్న చట్టం ముక్క. సెక్షన్ 11లోని నేరాల్లో చాలావాటికి వారంటు లేకుండా పోలీసులు ఎవర్నీ పట్టుకోలేరు. నాన్ కాగ్నిజబుల్. కానీ జంతువుల పోట్లాటకు స్థలం ఏర్పాటు చేయడం అలా కాదు. సెక్షన్ 31 దాన్ని ప్రత్యేకంగా ఏరి పోలీసుల చేతిలో పెట్టింది. ఎవర్నీ అడగక్కర్లేదు, నేరుగా వెళ్లి నిర్వాహకుడి చెయ్యి పట్టుకోవచ్చు. చట్టం మొత్తంలో నాలుగంటే నాలుగు చోట్ల ఇచ్చిన అధికారంలో అదొకటి. వెళ్తారు కూడా. చెయ్యి పట్టుకుంటారు కూడా. కరచాలనానికి. పోనీ పట్టుకుని కోర్టుకు లాగారే అనుకుందాం. కోట్లు తిరిగే బరికి జంతుహింస కింద పడే జరిమానా? మళ్లీ అదే 50. బయట కారు పార్కింగుకు ఇంతకంటే ఎక్కువ గుంజుతారు.

ఒకసారి మాత్రం పట్టుకున్నారు. కోడిని. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో, పందానికి తెచ్చిన పుంజు కాలి కత్తి మనిషికే దిగింది. ఆయన చనిపోయాడు. పుంజును తీసుకొచ్చి గొల్లపల్లి స్టేషన్లో ఉంచారు. నీళ్లు పెట్టారు, గింజలు వేశారు. దేశమంతా నవ్వేసరికి, అరెస్టు కాదు సంరక్షణ అని వివరణ ఇచ్చుకున్నారు. నాకు తెలిసి ఒక పందెం కోడికి చట్టప్రకారం తిండీ నీళ్లూ నీడా దొరికిన చోటు అదొక్కటే. అదీ అనుమానితుడి హోదాలో.

2025 సంక్రాంతికి తిరుపతిలో ఓ సినిమాహాలు ముందు అభిమానులు మేక తల నరికి, నెత్తురు హీరోగారి పోస్టరుకు పూశారు. వీడియో బయటికొచ్చాక అరెస్టులు జరిగాయి. జంతుబలుల నిషేధానికి మనకు 1950 నుంచే చట్టం ఉంది. ఫోన్లో కెమెరా వచ్చేదాకా దానికి కళ్లు రాలేదు.

లారీల సంగతి చూద్దామా? 1978 నాటి రవాణా నిబంధనలు ఒక సరుకు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించొద్దంటాయి. రాత్రి పది దాటాక హైవే పక్కన నిలబడి లెక్కపెట్టండి. టార్పాలిన్ కింద కొమ్ములెన్నో, తోకలెన్నో తేలదు. ఒకదాని కడుపు మీద ఇంకోదాని డెక్క. టోల్‌గేటు యంత్రానికి లారీ నంబరు తెలుస్తుంది గానీ లోపల ఎన్ని ఉన్నాయో తెలియదు. చెక్‌పోస్టులో కూర్చున్న మనిషికి తెలుస్తుంది. తెలిసింది కాబట్టే రేటు. ఇక్కడ మాత్రం ద్రవ్యోల్బణాన్ని శ్రద్ధగా పాటించారు. చట్టం రేటు 1960 దగ్గరే ఆగింది, చెక్‌పోస్టు రేటు ఏనాడూ ఆగలేదు.

1965 నిబంధన ఇంకా ముచ్చటైంది. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండికి ఎద్దును కట్టకూడదు, గాడిద మీద బరువు వేయకూడదు. రెంటచింతలలో, రామగుండంలో ఏప్రిల్ నెలలో 37 అంటే చల్లటి పూట కింద లెక్క! ఈ నిబంధన నిజంగా పాటిస్తే మన ఎండాకాలమంతా గాడిదలు నీడన పడుకుని పేపరు చదువుకోవాలి. ఇటుక బట్టీ దగ్గర వాటిని తోలుతున్నవాడిని అనడానికి నాకు నోరు రాదు. వాడి చాకిరీకే గంటల లెక్క లేదు. ఎండలో మనిషికి నీడ ఇవ్వని యజమాని గాడిదకు ఇస్తాడా? థర్మామీటరు పట్టుకుని ఆ యజమాని దగ్గరికి వెళ్లాల్సిన ఇన్‌స్పెక్టరు ఎక్కడ? ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001లో నిబంధనలు వచ్చాయి. మీ జిల్లా సంఘం ఆఫీసు ఏ వీధిలో ఉందో చెప్పగలరా? పోనీ, ఫోను నంబరు?

గోమాత పేరెత్తగానే గొంతులు లేస్తాయి. ఎన్నికలొస్తే ఆవుకు పసుపు రాసి అరటిపండు తినిపిస్తూ నాయకుల ఫొటోలు. ఆ తొక్క వేసిన ప్లాస్టిక్ సంచి ఎక్కడికి పోయింది? ఆవు కడుపులోకే. పుట్టపర్తిలో ఒక సంస్థ అలాంటి ఆవుల కడుపులు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీసింది. తీసీ తీసీ విసిగి 2012లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆవు కడుపులో చేరిన ఆ చెత్తకు పేరేమిటో తెలుసా? భక్తి. పాలు పిండుకున్నంతసేపూ మాత, ఎండిపోయాక మున్సిపాలిటీ సమస్య. గేదెకు పుట్టిన దున్నదూడకైతే మాత హోదా కూడా లేదు. తల్లి పాలు చేపడానికి రెండు నిమిషాలు పనికొస్తుంది. ఆపైన ఆకలితో అదే పోతుంది. తిండి పెట్టకపోవడం నేరమని చదివాం కదా, సెక్షన్ 11? మన కాఫీలో మీగడ కట్టింది ఆ నేరమే.

కుక్కల మాటెత్తితే రెండు పక్షాలూ కర్రలు తీస్తాయి. తీయండి. పట్టుకో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించు, టీకా వేయించు, తెచ్చినచోటే వదులు. 2001 నుంచి ఉన్న నిబంధన ఇది. 2023లో కొత్తగా మళ్లీ రాశారు. ఈ పని మున్సిపాలిటీలది, పంచాయతీలది. వాటి లెక్కల ప్రకారం ఊళ్లోని ప్రతి కుక్కా ఈపాటికి రెండేసి సార్లు ఆపరేషన్ చేయించుకుని ఉండాలి. వీధిలో చూస్తే ఈతకు ఆరు కూనలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి కుక్కలు పీకి చంపాయి. ఆ వీడియో చూసి నిద్రపోయినవాడు మనిషి కాదు. సరిగ్గా ఏడాదికి, 2024 ఫిబ్రవరిలో, మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులేసుకొచ్చి 20 కుక్కలను తుపాకీతో కాల్చిపోయారు. పసివాడు పోయాడు. కుక్కలు పోయాయి. ఆపరేషన్ల టెండరు ఫైలు మాత్రం క్షేమం. ఒక్క కమిషనరు కుర్చీ అయినా కదిలిందా?

చివరికి ఢిల్లీలో సుప్రీంకోర్టు దిగాల్సొచ్చింది. 2025 ఆగస్టు 11న అక్కడి వీధికుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టండి అంది. ఏ షెల్టర్లు? ఆగస్టు 22న మరో ధర్మాసనం సవరించి, టీకాలు వేసి, ఆపరేషన్లు చేసి మళ్లీ వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీద పడేవాటినీ తప్ప. పాతికేళ్లుగా మున్సిపాలిటీలు చేయని పనికి పదకొండు రోజుల్లో రెండు ఉత్తర్వులు. ఈ మధ్యలో కుక్కల ప్రేమికులూ ద్వేషులూ టీవీల్లో ఒకరినొకరు పీక్కుతిన్నారు. వాళ్లకు టీకాలు వేయాలని ఏ నిబంధనల్లోనూ లేదు.

ఆ ప్రేమికుల్లో ఓ రకం ఉంది. బెజవాడ ఎండలో, పదో అంతస్తు బాల్కనీలో, సైబీరియా మంచు కోసం పుట్టిన హస్కీని కట్టేసేవాళ్లు. ఇన్‌స్టాలో దానికో ఖాతా. పుట్టినరోజుకు కేకు. రెండేళ్లకు అమెరికా వీసా వస్తుంది, కుక్కకు రాదు. ఓ రాత్రి కారెక్కించుకుని బందరు రోడ్డు మీద దించేస్తారు. పెంపకందారులు రిజిస్టర్ చేసుకోవాలనీ, ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మొద్దనీ 2017లో నిబంధనలొచ్చాయి. కూన ఖరీదు ముప్పై వేలు. వదిలేసినందుకు జరిమానా చెప్పక్కర్లేదు కదా?

మార్చే ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టే ఈ శిక్షలు చాలవు, పెంచండని పార్లమెంటుకు చెప్పింది. పార్లమెంటు విన్నది. ఇంకా వింటూనే ఉంది. 2022 నవంబర్‌లో ఓ సవరణ ముసాయిదా బయటికొచ్చింది. జరిమానాలు వేలల్లోకి, జైలు ఏళ్లలోకి. జనాన్ని అభిప్రాయాలు చెప్పమన్నారు. చెప్పారు. ఆ తర్వాత? అది పార్లమెంటు మెట్లెక్కలేదు. మూగజీవాలు అంటాం గానీ, సరైన మాట ఓటరు జాబితాలో లేని జీవాలు. ఈలోగా భారతీయ న్యాయసంహిత వచ్చింది. అందులో పాత ఐపీసీ సెక్షన్ 377 ఎత్తేస్తూ, జంతువుల మీద లైంగిక హింస నేరమనే మాటను కూడా దాంతోపాటే ఊడ్చేశారు. పొరపాటున పోయిందంటారా? మరి పొరపాటునైనా తిరిగి పెట్టలేదేం?

కిందటి ఎండాకాలం సంగతి చెప్పి ఆపుతాను. మా వీధి చివర అపార్టుమెంటులో ఓ పెద్దమనిషి ఉన్నాడు. నుదుట బొట్టు. శనివారం గుడి. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఆవూదూడ బొమ్మతో శుభోదయం. ఆయన కారు కింద ఓ వీధికుక్క ఈనింది. పార్కింగు మురికవుతోందని మరిగే నీళ్లు బకెట్టుతో తెచ్చి పోశాడు. తల్లి వీపు తోలు ఊడొచ్చింది. నేను కాగితం రాసుకుని స్టేషనుకు వెళ్లాను.

హెడ్ కానిస్టేబుల్ మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు.

“మీ కుక్కేనా మాస్టారూ?”

“కాదండీ. వీధికుక్క.”

“మరి బాధితులెవరు?”

“కుక్కే.”

రాయడం ఆపి నా వంక జాలిగా చూశాడు. నేనూ ఊరికే వెళ్లలేదు, చదువుకునే వెళ్లాను. “కొత్త చట్టంలో 325 ఉంది కదండీ, అయిదేళ్ల దాకా పడుతుంది” అన్నాను.

“అది చంపితేనో, అవిటిదాన్ని చేస్తేనో కదండీ. కాలు పోయిందా?”

“లేదు.”

“పోనీ కన్ను?”

“లేదు. వీపు మీద తోలు మొత్తం పోయింది.”

“తోలు మళ్లీ వచ్చేస్తుంది కదా మాస్టారూ.”

ఇక మిగిలింది అరవైనాటి చట్టం. ఆయనే ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఇది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటుగారి అనుమతి కావాలి. పశువుల డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. సాక్ష్యానికి అపార్టుమెంటు వాళ్లెవరైనా రావాలి. మూడు నెలలు దాటితే కేసు వేయడానికే లేదు.

“ఇంతా చేస్తే ఆయనకు ఎంత పడుద్దో తెలుసా మాస్టారూ?”

“తెలుసండీ.”

హెడ్‌గారు లేచి, వెనక జేబులోంచి పర్సు తీశాడు. వెతికి, ఓ 50 నోటు నా ఫిర్యాదు కాగితం మీద పెట్టాడు. “ఆయన తరఫున నేనే కట్టేశాననుకోండి. మీకూ నాకూ తిరుగుడు తప్పుతుంది.”

ఈలోగా టీలు వచ్చాయి. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. నోటు ఎగిరిపోకుండా దాని మీద తన టీ గ్లాసు పెట్టబోయాడు. గ్లాసు అంచు మాత్రమే నోటు మీద, మిగతాదంతా కాగితం మీద నిలబడింది. తీసేసరికి నా ఫిర్యాదు మీద గుండ్రంగా, అచ్చం స్టేషను ముద్రలాగే, టీ మరక పడి ఉంది.